రొట్టెల పొయ్యిలో హీటరు

మా మావయ్యకి నోరు పెద్దది, ధైర్యం చిన్నది. ఈ మాట కాపురానికి వచ్చిన కొత్తలో అని ఉంటే ఇల్లు అదిరిపోయేది. ఇప్పుడు ఆయన ముందే అంటాను, ఆయనే అందరికంటే గట్టిగా నవ్వుతారు. అంత చనువు నాకు ఆ వానాకాలంలో దొరికింది.

మాకు కింద షెడ్డు, పైన ఇల్లు. షెడ్డులో కరెంటు హీటర్లు తయారుచేస్తాం. బకెట్లో వేసుకునే రకం కాదు, ఫ్యాక్టరీ తొట్లలో నూనె, మైనం, రంగునీళ్ళు కాచడానికి లోపల మునిగి ఉండేవి. స్టీలు గొట్టం, దాని నడుమ సన్నగా చుట్టిన తీగ, తీగ గొట్టానికి తగలకుండా చుట్టూ కూరిన తెల్లటి పొడి. ఆ గొట్టాన్ని జడపిన్నులా వంచి, అలాంటివి కొన్నింటిని మందపాటి గుండ్రటి పళ్ళేనికి వెల్డింగ్ చేస్తే హీటరు తయారైనట్టు. పళ్ళేనికి ఇటువైపు గొట్టాలు నీళ్ళలో మునుగుతాయి, అటువైపు వాటి కొసలు కరెంటు వైర్ల కోసం బయటికి ఉంటాయి. మావయ్య మొదలుపెట్టిన పని ఇది, మా ఆయన అందిపుచ్చుకున్నారు. తీగ చుట్టడం నా వంతు.

అత్తయ్య మాత్రం షెడ్డులో అడుగు పెట్టేవారు కాదు. "ఆ మసి, ఆ జిడ్డు నాకొద్దు" అని మెట్ల మీద నుంచే భోజనానికి కేకేసేవారు. ఆవిడకి శుభ్రమంటే ప్రాణం. కడిగిన గ్లాసునే మళ్ళీ కడిగి నీళ్ళు తాగుతారు. "మీ అత్తయ్య సబ్బుబిళ్ళని కూడా సబ్బుతో కడిగి వాడుతుందమ్మా" అని మావయ్య వచ్చినవాళ్ళందరికీ చెప్పేవారు. నేను షెడ్డు నుంచి పైకి వెళ్తే చేతులు చూపించమని అడిగేవారు ఆవిడ. నేను చూపించేదాన్ని. అంతకు మించి మా మధ్య పెద్దగా మాటలుండేవి కావు.

ఆ ఏడాది మావయ్య పిత్తాశయంలో రాళ్ళున్నాయని తేలింది. ఆపరేషన్ తప్పదన్నారు మా వీధి చివరి ఆసుపత్రి డాక్టరు గారు. రాయి కదిలి దారిలో ఇరుక్కుంటే ప్రాణం మీదికొస్తుందని కూడా చెప్పారు. మావయ్యని ఒప్పించడానికి ఎండాకాలమంతా పట్టింది. చివరికి, చేస్తే ఈ డాక్టరే చెయ్యాలి, ఈ ఆసుపత్రిలోనే చెయ్యాలి, ఇంకెవరూ తన ఒంటి మీద చెయ్యి వెయ్యడానికి వీల్లేదు అనే షరతు మీద తల ఊపారు. సంచీ కూడా సర్దాం. ఇంతలో వానలు పట్టుకున్నాయి, వానతో పాటే ఆసుపత్రి పెద్ద నర్సు గారు గొడుగు మడుచుకుంటూ మా షెడ్డుకి వచ్చారు.

"మా ఆవిరి పాత్ర ఆగిపోయిందండీ" అన్నారావిడ మా ఆయనతో. "ఆపరేషన్ సామాన్లు ఉడికించేది. మీ ఇంట్లో కుక్కర్ లాంటిదే, కాకపోతే మనిషంత ఉంటుంది. లోపలి హీటరు కాలిపోయింది. కంపెనీవాళ్ళనడిగితే వానాకాలం వెళ్ళాక పంపిస్తామంటున్నారు. అప్పటిదాకా ఆపరేషన్లు బంద్."

పక్కనే పడక కుర్చీలో ఉన్న మావయ్య మొహం వెలిగిపోయింది. "అయ్యయ్యో, ఎంత పని జరిగిందమ్మా!" అన్నారు. అంత సంతోషంగా అయ్యయ్యో అన్న మనిషిని నేను ఇంకెక్కడా చూడలేదు.

"మీరు చేసిపెట్టలేరా?" అన్నారు నర్సు గారు.

"మేం మూత లేని తొట్లకే చేస్తామమ్మా" అని మావయ్య వెంటనే అందుకున్నారు. "తొట్టిలో తప్పు జరిగితే నీళ్ళు చల్లగా ఉంటాయి, అంతే. మూత బిగించిన పాత్ర అలా కాదు. లోపల ఒత్తిడి ఉంటుంది. అక్కడ తప్పు జరిగితే చుట్టూ మనుషులుంటారు. ఈ షెడ్డు పెట్టిన రోజు నుంచీ ఆ జోలికి పోలేదు."

ఆ మాట అబద్ధం కాదు. ఎంత పెద్ద ఆర్డరు వచ్చినా ఆయన ఆ ఒక్కటీ ముట్టుకునేవారు కాదు. మా ఆయన, నర్సు గారు వెంట తెచ్చిన కాలిపోయిన హీటరుని చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూశారు.

"నేను చేస్తాను" అన్నారు.

"ఒరేయ్!"

"నాన్నా, మీ ఆపరేషన్ దీని మీదే ఆగి ఉంది."

"అందుకే కదురా వద్దంటున్నాను!" అనేసి మావయ్య నాలిక కరుచుకున్నారు. మెట్ల మీద నుంచి అత్తయ్య "ఏమండీ!" అన్నారు. ఆ ఒక్క పిలుపుతో ఆయన కుర్చీలో సర్దుకుని, వానని చూడటం మొదలుపెట్టారు.

మా ఆయన ఆ హీటరు మీద పెట్టినంత మనసు దేని మీదా పెట్టి ఉండరు. మామూలు కంటే మందమైన గొట్టం తెచ్చారు. నా చేత తీగ చుట్టించి, విప్పించి, మళ్ళీ చుట్టించారు. వెల్డింగ్ అయ్యాక పళ్ళేన్ని ఒక ఇనప డబ్బాకి బిగించి, చేతిపంపుతో లోపలికి నీళ్ళు కొట్టారు. పాత్రలో ఉండే ఒత్తిడి కంటే ఎక్కువ వచ్చేదాకా కొట్టి, వదిలేసి, ఒత్తిడి చూపే ముల్లు దిగుతుందేమోనని అందరం ఊపిరి బిగబట్టి చూశాం. దిగలేదు. మావయ్య కూడా వంగి చూసి, "వెల్డింగ్ బాగా కుదిరిందిరా" అన్నారు, అనకుండా ఉండలేక.

ఇక మిగిలింది ఆరబెట్టడం. ఆ తెల్లటి పొడికి ఒక పాడు గుణం ఉంది. కొసల దగ్గర సీలు వేసేదాకా గాలిలోని తేమని తాగేస్తూనే ఉంటుంది. పొడిలో తడి ఉంటే కరెంటు తీగలోంచి గొట్టంలోకి దూకుతుంది. అందుకని హీటర్లని ఓవెన్‌లో పెట్టి ఆరబెడతాం. ఆరాక మెగ్గర్ అనే పెట్టెకి తగిలించి పిడి తిప్పుతాం. సూది ఆ చివరిదాకా వెళ్ళి నిలబడితే పొడి బాగా ఆరినట్టు, ఇటే వాలిపోతే లోపల తడి ఉన్నట్టు. మావయ్య పెట్టిన కట్టుబాటు ఇంకొకటుంది. ఆరిన హీటరుని ఒక రాత్రి అలా వదిలెయ్యాలి. పొద్దున కూడా సూది నిలబడితేనే సీలు. "వేడి మీద ఎవడైనా బాగానే ఉంటాడు, చల్లారాక చూడాలి" అనేవారు.

తీరా చూస్తే ఈ హీటరు మా ఓవెన్‌లో పట్టలేదు. జానెడు పొడవెక్కువ. మా గోడ పక్కనే బేకరీ. ఆ బేకరీ ఆయన ఇటుకల పొయ్యి పొద్దున రొట్టెలు దించాక సాయంత్రం దాకా వేడిగానే ఉంటుంది. అయితే మాకూ ఆయనకీ మాటల్లేవు. ఎప్పుడో మావయ్య నలుగురిలో, "నీ రొట్టె కంటే మా హీటరు పొడి మెత్తగా ఉంటుందయ్యా" అన్నారట. నవ్వుకోడానికే అన్నారు. బేకరీ ఆయన మాత్రం నవ్వలేదు. అప్పటినుంచి ఇద్దరూ ఒకే గోడకి అటొకరు ఇటొకరు వీపులు ఆనించుకుని కూర్చుంటారు గానీ పలకరించుకోరు.

నేనే వెళ్ళాను. చెయ్యి అడ్డం పెట్టుకుని వానలో తడుస్తూ, "బాబాయ్ గారూ, ఒక సాయం కావాలి" అన్నాను.

విషయం విన్నాక ఆయన పిండి చేతులు నడుం మీద పెట్టుకున్నారు. "నా రొట్టెల పొయ్యిలో ఇనుము పెట్టాలా? మీ మావయ్యే పంపించాడా?"

"లేదండీ. ఆయనకి తెలిస్తే నన్ను తిడతారు. ఆయన ఆపరేషన్ ఆగకూడదని వచ్చాను."

"ఆపరేషనేంటి?"

చెప్పాను. ఆయన కాసేపు పొయ్యి వైపు తిరిగి నిలబడ్డారు. "ఆ నోరు లేకపోతే వీధి బోసిపోతుంది" అన్నారు. "రొట్టెలు దించగానే పట్టుకురండి. పక్కన బూడిదా పిండీ ఉంటాయి, అంటుకున్నాయని మళ్ళీ నా మీదికి రాకండి."

ఆ రోజు ఆయన కాదని ఉంటే ఏమయ్యేదో నాకు తెలీదు. ఇప్పటికీ ఆ బేకరీ ముందు నుంచి వెళ్తే ఊరికే వెళ్ళలేను, ఒక్క మాటైనా పలకరించి వెళ్తాను.

సాయంత్రం పొయ్యిలోంచి తీసిన హీటరుకి బూడిద, పిండి చారలు కట్టి ఉన్నాయి, రొట్టె వాసన వేసింది. మెగ్గర్ పెడితే సూది ఆ చివరికి వెళ్ళి కూర్చుంది. కొసలకి ప్లాస్టిక్ కవరు చుట్టి, రబ్బరు బ్యాండు వేసి, పైన వంటింట్లో పొయ్యిగట్టు పక్కన నిలబెట్టాం. వానాకాలంలో మా ఇంట్లో పొడిగా ఉండేది ఆ మూల ఒక్కటే.

పొద్దున కిందికి దించి పిడి తిప్పితే సూది లేవలేదు.

"వాన" అన్నారు మా ఆయన. మళ్ళీ బేకరీ, మళ్ళీ సాయంత్రం సూది చక్కగా నిలబడటం, మళ్ళీ వంటింటి మూల. ఈసారి కవరు మీద ఇంకో కవరు చుట్టాం. పొద్దున మళ్ళీ అదే తంతు. హీటరు చూడబోతే తళతళా మెరిసిపోతోంది, సూది చూడబోతే నిద్రపోతోంది. మావయ్య ఆ రోజు టిఫిను ఇంకొంచెం అడిగి వేయించుకున్నారు. ఏదో పాత పాట కూనిరాగం తీశారు. నాకు ఒళ్ళు మండింది.

మధ్యాహ్నానికి ఆ కూనిరాగం ఆగిపోయింది. నొప్పి వచ్చింది. అంతకు ముందు వచ్చినట్టు కాదు. కుర్చీలోనే వంకరలు తిరిగిపోయారు. చెమటలు పట్టి చొక్కా తడిసిపోయింది. ఎప్పుడూ నోరు మూయని మనిషి పళ్ళు బిగించుకుని, ఒక్క మాట లేకుండా అత్తయ్య చెయ్యి పట్టుకున్నారు. డాక్టరు గారు వచ్చి సూదిమందు ఇచ్చారు. వెళ్తూ మా ఆయన్ని పక్కకి పిలిచి, "ఇది తగ్గింది గానీ ఇంకోటి వస్తే తట్టుకోలేరు. ఇంక ఆగకూడదు. వేరే ఊరైనా తీసుకెళ్ళండి" అన్నారు.

"నేను వెళ్ళను" అన్నారు మావయ్య కళ్ళు మూసుకునే. "మోసుకెళ్ళినా దిగను."

మా ఆయన ఆ సాయంత్రం బేకరీ నుంచి తెచ్చిన హీటరుని బల్ల మీద పెట్టి, దాని వైపే చూస్తూ కూర్చున్నారు. "కంటికి కనపడని చిల్లు ఎక్కడో ఉంది" అన్నారు నాతో. "రాత్రి చెమ్మ దాంట్లోంచే లోపలికి పోతోంది. చిల్లున్న దాన్ని ఒత్తిడిలో పెట్టలేను. కొత్త గొట్టం తెచ్చి మళ్ళీ మొదలుపెట్టేంత టైం నాన్నకి లేదు. రేపు కూడా పడిపోతే నర్సు గారికి నా వల్ల కాదని చెప్పేస్తాను." ఆయన గొంతు అలా వినడం నాకు అదే మొదటిసారి. చెయ్యి పట్టుకుని లేపాను, ఇద్దరం కవర్లు చుట్టి హీటరుని మళ్ళీ వంటింటి మూలకి చేర్చాం.

మర్నాడు తెల్లవారకముందే మెలకువ వచ్చింది. మావయ్యకి వేడినీళ్ళు పెడదామని వంటింటికి వెళ్తే పెరటి వైపు తలుపు తీసి ఉంది. కుళాయి చప్పుడవుతోంది.

గిన్నెలు తోమే గట్టు మీద గోనెపట్టా పరిచి, దాని మీద హీటరుని పడుకోబెట్టి, అత్తయ్య సబ్బు రుద్దుతున్నారు. పసిపిల్లకి ఒళ్ళు రుద్దినట్టు ఒక్కో వంపు దగ్గరా ఆగి, గుడ్డతో నెమ్మదిగా రుద్దుతున్నారు. కవర్లు పక్కన మడిచి పెట్టి ఉన్నాయి. చెంబు ఎత్తి నీళ్ళు పోశారు. నీళ్ళు గొట్టాల మీద నుంచి జారి, పళ్ళెం దాటి, కొసల మీదికి పారాయి. తెల్లటి పొడి కనిపించే ఆ సన్నటి రంధ్రాల మీదికే.

ఆవిడ నన్ను చూసి కంగారుపడలేదు. "లేచావా అమ్మాయ్? ఆ తువ్వాలు ఇటివ్వు" అన్నారు. "చూడు ఎంత బూడిదో. మీ మావయ్య కడుపులోకి పోయే కత్తులు దీని ఆవిరికే కదా శుభ్రపడేది? అట్లాంటి వస్తువుని ఈ పిండితో, ఈ మసితో ఎట్లా పంపిస్తాం? మీకెవరికీ తీరిక లేదు కదాని నేనే రోజూ కడిగి, తుడిచి, మళ్ళీ చుట్టి పెడుతున్నా."

గబగబా వెళ్ళి చెప్పెయ్యాలనిపించింది. కానీ ఆవిడ చేతులు చూశాను. సబ్బునీళ్ళలో నాని ముడతలు పడి ఉన్నాయి. ఈ ఇంట్లో మావయ్య గురించి అందరికంటే ఎక్కువ భయపడుతున్నది ఈవిడే. భయపడి ఏం చెయ్యాలో తెలీక, తనకి తెలిసిన ఒకే ఒక్క పని చేస్తున్నారు.

తువ్వాలు తీసుకుని ఆవిడ పక్కన గట్టు మీద కూర్చున్నాను. "అత్తయ్యా, ఈ వైపంతా నీళ్ళలో మునిగేదే, ఎంత కడిగినా ఏం కాదు. ఈ కొసలకి మాత్రం తడి తగలకూడదు" అన్నాను. "లోపల పొడి ఉంటుంది, నీళ్ళు తాగేస్తుంది."

ఆవిడ చెయ్యి ఆగిపోయింది. చెంబు పక్కన పెట్టారు. కొసల వైపు చూశారు, కవర్ల వైపు చూశారు.

"అయితే రోజూ సూది పడిపోయేది..."

నేను తువ్వాలుతో కొసలు అద్దాను.

"వాడికి నేనే చెప్తాను" అన్నారు. "నువ్వు చెప్పకు."

అత్తయ్య మెట్లు దిగి షెడ్డులోకి రావడం చూసి మా ఆయన లేచి నిలబడ్డారు. మావయ్య దుప్పటి కప్పుకుని పడక కుర్చీలో ఉన్నారు. అత్తయ్య చీర కొంగుకి చేతులు తుడుచుకుంటూ, నేలంతా ఇనప రజను ఉన్నా చూసుకోకుండా, తిన్నగా కొడుకు ముందుకి వచ్చి నిలబడ్డారు.

"నీ పనిలో చిల్లేమీ లేదు నాన్నా. నేను కడిగాను. రోజూ కడిగాను, సబ్బు పెట్టి."

అత్తయ్య గడ్డం వణకడం మొదలైంది. అప్పుడు కుర్చీలోంచి వింత చప్పుడొకటి వచ్చింది. మళ్ళీ నొప్పేమోనని హడలిపోయి తిరిగి చూస్తే మావయ్య నవ్వుతున్నారు. కడుపు పట్టుకుని, "అబ్బా, నవ్వించకే, నొప్పి" అంటూ నవ్వుతున్నారు. నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకున్నారు. ఆ తరవాత తుడుచుకున్న కళ్ళలోనే మళ్ళీ నీళ్ళు తిరిగాయి.

"దాన్నేమీ అనకురా" అన్నారు కొడుకుతో. "అది నేను బతకాలని కడిగింది. ఆ సూది పడిపోయినప్పుడల్లా నేను హమ్మయ్య అనుకున్నాను. నాకు కత్తంటే భయం. నీ తండ్రి పిరికివాడు. ఇంత చాకిరీ మీరంతా చేస్తుంటే, ఇక్కడ కూర్చుని పాట పాడుకున్నాను." దుప్పటి పక్కకి తోసి, "ఇంకొక్కసారి ఆరబెట్టు. ఈసారి నిలబడాలని నేనూ కోరుకుంటాను" అన్నారు.

మా ఆయన వెళ్ళి తల్లి చేతులు రెండూ పట్టుకున్నారు. "అమ్మా, ఈసారి కూడా నువ్వే తుడువు. పొడి గుడ్డతో."

ఆ రోజు బేకరీకి అత్తయ్య కూడా వచ్చారు. పొయ్యి ముందు స్టూలు వేయించుకుని, సాయంత్రం దాకా కదల్లేదు. బేకరీ ఆయనతో, పొయ్యి లోపల కూడా ఒకసారి తుడిపిస్తే బాగుంటుంది కదా అన్నారట. ఆయన ముక్కున వేలేసుకున్నారు. హీటరు చల్లారాక బూడిదంతా పొడి గుడ్డతో తుడిచి, తనే కవరు చుట్టి, దాని పక్కనే వంటింట్లో చాప వేసుకుని పడుకున్నారు. ఎవరైనా కడిగేస్తారేమోనని కాపలా అన్నమాట.

పొద్దున మెగ్గర్ తెచ్చి బల్ల మీద పెట్టాం. "పిడి అమ్మ తిప్పుతుంది" అన్నారు మా ఆయన. అత్తయ్య నా వైపు చూశారు. ఎలా తిప్పాలో చూపించాను. తిప్పారు. సూది కదిలి, పైకి లేచి, ఆ చివరికి వెళ్ళి ఆగింది. ఆవిడ చెయ్యి ఆపలేదు, ఆపితే పడిపోతుందేమోనని తిప్పుతూనే ఉన్నారు.

"చాలమ్మా, నిలిచింది" అన్నారు మా ఆయన.

"నిజంగానా? ఇంకొంచెం తిప్పుతాను ఉండు."

కొసలకి సీలు మందు పెట్టింది కూడా ఆవిడే. ఒక్క చుక్క పక్కకి పోకుండా, గోరంతైనా అంచు దాటకుండా పెట్టారు. మా ఆయన అంత శుభ్రంగా ఎప్పుడూ పెట్టలేదు, ఇప్పటికీ పెట్టలేరు. ఆ మధ్యాహ్నమే ఆసుపత్రిలో హీటరు బిగించారు. నీళ్ళు నింపి, మూత బిగించి, స్విచ్చి వేసి, ఒత్తిడి ముల్లు ఎక్కుతున్నంతసేపూ మా ఆయన పాత్ర పక్కనే నిలబడ్డారు. అందరినీ బయటికి పంపించేసి, తానొక్కరే ఉన్నారు. ఆ సంగతి నాకు తరవాత నర్సు గారు చెబితే తెలిసింది. కోపం వచ్చింది, ఏడుపూ వచ్చింది, అలాంటి మనిషిని కట్టుకున్నందుకు గర్వంగానూ అనిపించింది.

మావయ్య ఆపరేషన్ రోజు కూడా వానే. లోపలికి తీసుకెళ్ళే ముందు ఆయన గోడ అవతలి గది వైపు చెవి పెట్టారు. సన్నగా ఆవిరి వదిలే చప్పుడు వస్తోంది.

"మనదేనా అది?" అన్నారు.

"మీదేనండీ. మీ కత్తులే ఉడుకుతున్నాయి" అన్నారు నర్సు గారు.

ఆయన గుటక మింగారు. కానీ బండి మీద పడుకుని తలుపు దాటేటప్పుడు నన్ను చూసి కన్ను కొట్టారు. అంత భయంలోనూ నాకు ధైర్యం చెప్పాలని చూశారు పిచ్చి మావయ్య.

బయట బెంచీ మీద అత్తయ్య నా పక్కన కూర్చున్నారు. ఇద్దరం ఆ ఆవిరి చప్పుడే వింటూ ఉన్నాం. కాసేపటికి ఆవిడ నా చెయ్యి తన ఒళ్ళోకి తీసుకున్నారు. గోళ్ళ సందుల్లో ఇంకా పొయ్యి బూడిద ఉంది, నావీ, ఆవిడవీ కూడా. చూశారు. అలాగే పట్టుకుని ఉండిపోయారు.

ఇప్పుడు షెడ్డులో పెద్ద ఓవెన్ ఉంది. మూత బిగించే పాత్రలకి హీటర్లు కావాలంటే చుట్టుపక్కలవాళ్ళు మా దగ్గరికే వస్తారు. సీళ్ళన్నీ అత్తయ్యవే. అయినా వానలు మొదలయ్యాక చేసే మొదటి హీటరుని రొట్టెల పొయ్యిలోనే ఆరబెడతాం. బేకరీ ఆయన విసుక్కుంటూనే చోటిస్తారు. మావయ్య ఆ రోజు ఆయన దగ్గరే కూర్చుని, రొట్టె ఒకటి నొక్కి చూసి, "మా పొడి కంటే మెత్తగానే ఉందయ్యా" అంటారు. ఏటా అదే మాట, ఏటా ఆయన అప్పుడే విన్నట్టు నవ్వుతారు.

మావయ్య ఆపరేషన్ రోజు మాత్రం రొట్టెల బుట్ట పట్టుకుని బేకరీ ఆయన కూడా ఆసుపత్రి వరండాలోనే నిలబడి ఉన్నారు. తలుపు తెరుచుకుని డాక్టరు గారు, అంతా బాగా జరిగింది, వెళ్ళి చూడొచ్చు అన్నారు. లోపల మావయ్య ఇంకా మత్తులోనే ఉన్నారు. పెదాలు ఎండిపోయాయి. కళ్ళు సగం తెరిచి, ఎవరెవరున్నారో వెతికి, అత్తయ్య దగ్గర ఆగారు.

"సూది నిలిచిందా?" అన్నారు.

"నిలిచిందండీ" అన్నారు అత్తయ్య. "నిలిచింది."